నిలువుదేవుడి బట్టకు ఇస్త్రీ చేసిన అత్త

ఆ గుడిలో దేవుళ్లు ఏడుగురు, పూజారులు నలభై ముగ్గురు. వండే చేతులకన్నా తినే నోళ్లు ఎక్కువైన ఇల్లు ఎలా ఉంటుందో ఆ గుడి అలాగే ఉండేదని ఇస్త్రీ అత్త అనేది. అనడమంటే నలుగురిలో కాదు. వేడి పెట్టెను తడిబట్ట మీద ఆనిస్తే చుయ్యిమంటుందే, ఆ చప్పుడులో కలిపేసి అనేది. గుడి పని చేసుకు బతికేవాళ్లు గుడిని తిట్టుకోవాలంటే అలాంటి చాటు ఏదో ఒకటి ఉండాలి మరి.

ఏడుగురిలో పెద్దవాడు నిలువుదేవుడు. లోకం పుట్టినప్పటినుంచి ఆయన కూర్చోలేదట. కూర్చుంటే లోకం కూలిపోతుందట. ఆయన పెళ్లాం ఆవులింతల తల్లి, ఆమె నోరు తెరిస్తే చీకటి పడుతుంది. తూముల దేవుడు మురుగునీళ్ల దారి చూస్తాడు. ఏడుగురిలో అంతో ఇంతో పనిచేసేది ఆయనొక్కడేనని అత్త అభిప్రాయం, అదీ వానలు పడనంతవరకే. గుమ్మాల కవలలు ఇద్దరున్నారు. ఒకడు వచ్చేవాళ్లను చూస్తాడు, ఇంకొకడు పోయేవాళ్లను చూస్తాడు, వాళ్లిద్దరికీ మాటల్లేవు. మూగతల్లి ఉంది, ఆమె సంగతి తర్వాత చెబుతాను. ఇక మిగిలినవాడు పీటల వరసలో నాలుగో దేవుడు, ఆయన పేరు పూజారులు ఎప్పుడో మరిచిపోయారు. పేరు మరిచిపోయారు గానీ ఆయనకు నైవేద్యం పెట్టడం మరవలేదు, ఆ నైవేద్యం తినడానికి ఒక పూజారిని పెట్టడమూ మరవలేదు.

అత్త పనిగది గుడి వెనక సందులో ఉండేది. ఒక పొడుగాటి బల్ల, దానిమీద నాలుగు మడతల దుప్పటి, గోడవార బొగ్గుల బస్తా, కిటికీలో నీళ్ల చెంబు. ఇత్తడి ఇస్త్రీపెట్టె పిడి ఆమె అత్తగారి చేతిలో ఒకవైపు అరిగింది, ఆమె చేతిలో రెండోవైపు అరిగింది. నలభై ముగ్గురు పూజారులు తొడిగే, పాదాల దాకా వేలాడే అంగీలూ ఆ బల్ల మీదికే వచ్చేవి. ఏ అంగీ ముందు భాగంలో నెయ్యి మరకలుంటాయో, ఏ అంగీ మోకాళ్ల దగ్గర కొత్తదానిలా ఉంటుందో ఆమెకు కంఠతా వచ్చు. ముప్పై ఒక్క ఏళ్లలో మోకాళ్ల దగ్గర చిరిగిన పూజారి అంగీ ఒక్కటీ తన చేతికి రాలేదని చెప్పేది.

అయితే ఆమె అసలు పని నిలువుదేవుడి బట్ట. పద్నాలుగు మూరల తెల్లటి నూలుబట్ట, ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. పదిహేను రోజులకోసారి, సాయంత్రం పూట, చిన్న పూజారులు దాన్ని ఆ రాతిదేవుడి భుజాల మీదినుంచి కిందికి వేలాడేలా కప్పుతారు. దేవుడి ఒళ్లు మనుషులు చూడకూడదని వాళ్లు కళ్లకు గంతలు కట్టుకుని మరీ కప్పుతారు. మర్నాడు పొద్దున ఆ బట్ట తీసుకొచ్చి, వాకిట్లో జనం ముందు ఇత్తడి కడ్డీకి వేలాడదీస్తారు. అప్పుడు పెద్ద పూజారి ఒక సన్నటి కర్ర పట్టుకుని దానిమీది ముడతలు చదువుతాడు. దేవుడు రాత్రి కదిలి, తన మనసులో మాట ముడతల్లో రాస్తాడని నమ్మకం. ముడత ఎడమనుంచి కుడికి ఎక్కితే ఔను. దిగితే కాదు. రెండు ముడతలు అడ్డంగా కోసుకుంటే ఆగండి. మూడు ఒకచోట చేరితే ఊళ్లో ఎవరో అబద్ధమాడుతున్నారని. ఈ చివరి చదువు ఏనాడూ తప్పు కాలేదు.

పెళ్లయి వచ్చిన మూడో ఏడు అత్తకు జ్వరమొచ్చింది. ఒళ్లు కాలిపోతున్నా బల్ల దగ్గర నిలబడి దేవుడి బట్ట ఇస్త్రీ చేసింది. చేయి వణికి ఒకచోట ఏటవాలుగా ముడత పడిపోయింది. నీళ్లు చల్లి సరిచేసే ఓపిక లేక అలాగే పంపేసింది. మర్నాడు పెద్ద పూజారి కర్ర సరిగ్గా ఆ ముడత మీదే ఆగింది. సంత నది అవతలికి మార్చాలా అన్న ప్రశ్నకు దేవుడు ఔనన్నాడని చదివాడు. జనంలో నిలబడ్డ అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె జ్వరం మూడు రోజుల్లో తగ్గింది. సంత మాత్రం ఇప్పటికీ అవతలి ఒడ్డునే ఉంది, పిడికెడు ఉప్పు కావాలన్నా పడవెక్కాలి.

ఆ రోజునుంచి ఆమెకు ఆ గుడి మీద భక్తి పోయి వెటకారం మిగిలింది. ఇంకొకరైతే ఆ కిటుకుతో ఊరిని ఏలేవాళ్లే. ఆమె ఆ పని చేయలేదు. "దేవుడి పేరు చెప్పి నేనూ ఊరిని ఆడిస్తే వాళ్లకూ నాకూ తేడా ఏముంది?" అనుకునేది. బట్ట శుభ్రంగా ఇస్త్రీ చేసి, మడతపెట్టి పంపేది. ఆ మడతలూ, కళ్లకు గంతలు కట్టుకున్న చిన్న పూజారులు నలిపిన ముడతలూ పెద్ద పూజారి చదువుకి సరిపోయేవి. చెప్పేవాడికి వినేవాడు లోకువ, అక్కడ వినేవాళ్లకు కొదవే లేదు.

అలా ఉండగా కోడలొచ్చింది.

ఆమెను ఊరంతా వసపిట్ట అనేవారు. పొద్దున కళ్లు తెరవడంతోటే మొదలు, పడుకుని కళ్లు మూసుకున్నా ఒక మాట మిగిలే ఉండేది. నోట్లో నువ్వుగింజ నానదు. బట్టల మీద నీళ్లు చల్లుతూ మాట్లాడేది, బొగ్గులు విసురుతూ మాట్లాడేది, వినేవాళ్లు లేకపోతే అంగీలతో మాట్లాడేది. "అత్తయ్యా, ఈ బొత్తాం చూశారా, అచ్చం మన పడవవాడి ముక్కులా ఉంది. అన్నట్టు ఆ పడవవాడి పెళ్లాం నిన్న ఏమందో తెలుసా?" అత్త పెట్టె ఠపీమని బల్లమీద పెట్టి, "నోర్ముయ్యవే! నా తల తిరిగిపోతోంది" అనేది. అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడల్లేని అత్త గుణవంతురాలు అని నలుగురికీ చెప్పుకునేది. వాళ్లూ అయ్యో పాపం అనేవాళ్లు.

ఎవరికీ చెప్పుకోనిది ఒకటుంది. భర్త పోయాక ఏడేళ్లు ఆ ఇంట్లో మాటన్నది వినబడలేదు. కొడుకు తాళాలు బాగుచేసేవాడు. తాళాలతో తప్ప మనుషులతో మాట్లాడడు, అడిగితే "ఊఁ" అంటాడు. ఆ ఊఁకారాల మధ్య అత్త ఒంటరిగా ముసలిదయ్యేదే. ఈ పిల్ల గుమ్మంలో అడుగుపెట్టి మొదటిరోజే "అబ్బ, మీ ఇంట్లో ఇంత చల్లగా ఉందేంటత్తయ్యా!" అని కిటికీలన్నీ తెరిచేసింది. ఆ రోజునుంచి అత్తకు మళ్లీ ఆకలి వేయడం మొదలైంది.

గొడవ ఒక చదువు రోజున మొదలైంది. పెద్ద పూజారి కర్ర ఆడిస్తూ, "దేవుడు రాత్రంతా కలతతో అటూ ఇటూ పొర్లాడు" అన్నాడు.

జనంలోంచి వసపిట్ట గొంతు లేచింది. "నిలువుదేవుడు కదండీ? కూర్చోనే కూర్చోడన్నారు. మరి పొర్లడమేంటండీ?"

వెటకారానికి కాదు, నిజంగానే తెలియక అడిగింది. జనం ఘొల్లుమన్నారు. పెద్ద పూజారి కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు పళ్లవరకే వచ్చి ఆగింది.

వారం తర్వాత అంగీలు ఇవ్వడానికి వెళ్లిన అత్తను ఆయన ఆపాడు. "నీ కోడలు బాగా మాట్లాడుతుందమ్మా" అన్నాడు తేనె పూసినట్టు.

"ఏం చెప్పమంటారు అయ్యగారూ" అంది అత్త అలవాటు ప్రకారం. "దాని నోరు మీ దేవుళ్లలో ఎవరైనా మూయిస్తే నాకు తలనొప్పి తగ్గుతుంది."

"దేవుళ్లు అన్నీ వింటారమ్మా" అన్నాడాయన.

తర్వాతి చదువు రోజున, ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఆయనే అడిగి ఆయనే చదివాడు. మూగతల్లి కొత్త సేవకురాలిని కోరిందట. ఇస్త్రీ అత్త కోడలేనా అని అడిగితే నిలువుదేవుడు ఔనన్నాడట. వరసగా మూడు చదువుల్లో ఔనని వస్తే, అక్కడికక్కడే నోటికి నల్లగుడ్డ కట్టి లోపలికి తీసుకుపోతారు. ఏడేళ్లు మూగసేవ. ఒక్క మాట మాట్లాడకుండా గుడి వెనక గదుల్లో ఊడుస్తూ, తుడుస్తూ ఉండాలి.

ఏడేళ్లంటే ఎంతో అత్తకు తెలుసు. సందు మొదట్లో బొత్తాలమ్మే ఆవిడ ఒకప్పుడు ఆ సేవ చేసి వచ్చిందే. బయటికొచ్చి ఇరవై ఏళ్లయింది. గొంతు పోలేదు, నాలుక పోలేదు, మాట్లాడే అలవాటే పోయింది. బేరమాడితే వేళ్లు చూపిస్తుంది. ఆమె పెళ్లికి ముందు పాటలు పాడేదని పాతవాళ్లు చెప్పుకుంటారు.

ఊళ్లో వాళ్లు మాత్రం సందులోకి వరసకట్టారు. "అత్తా, నీ అదృష్టం పండింది! దేవుడే నీ మొర విన్నాడు" అని ఒకరి తర్వాత ఒకరు అన్నారు. అత్తకు ప్రతి మాటా చెంపదెబ్బలా తగిలింది. ఆ మొర తనదే. తన నోటితోనే అంది.

ఆ సాయంత్రం కొడుకు తాళం ఒకటి విప్పుతూ కూర్చున్నాడు.

"నీ పెళ్లాన్ని తీసుకుపోతార్రా" అంది అత్త.

"దేవుడి మాట కాదనగలమా అమ్మా?"

"దేవుడి మాటా? ఆ మాటకు ముప్పై ఏళ్లుగా ఇస్త్రీ చేస్తున్నదాన్ని నేను. నువ్వు కాదనలేవు గానీ, ఆ తాళంలోనే తలపెట్టుకు కూర్చో."

కొడుకు ఇంకో తాళం అందుకున్నాడు. అలాంటివాణ్ని కన్నందుకు తనను తనే తిట్టుకుని ఆమె పనిగదికి వెళ్లిపోయింది.

వసపిట్ట మాత్రం మాట్లాడుతూనే ఉంది. ఇంకా ఎక్కువ మాట్లాడుతోంది. ఏడేళ్ల మాటలు నెలరోజుల్లో ఖర్చుపెట్టాలన్నట్టు మాట్లాడుతోంది. మధ్యలో ఒక్కోసారి ఆగి, నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టేది. అత్త ఒక్కసారీ నోర్ముయ్ అనలేదు.

రెండో చదువుకి అత్త ఇన్నేళ్ల పంతం పక్కనబెట్టింది. బట్ట మధ్యలో, దూరంనుంచి గుడ్డివాడికైనా కనబడేలా, ఎడమనుంచి కుడికి దిగే ముడత ఒకటి నొక్కి నొక్కి పెట్టింది. కాదంటే కాదన్నట్టు పెట్టింది.

మర్నాడు బట్ట కడ్డీకెక్కింది. కాదన్న ముడత కాదన్నట్టే వేలాడుతోంది. పెద్ద పూజారి దాన్ని చూశాడు, గడ్డం గోక్కున్నాడు, చిన్న పూజారులకు సైగ చేశాడు. వాళ్లు బట్టను వెనక్కి తిప్పి వేలాడదీశారు. దిగే ముడత ఎక్కే ముడతయింది. "దేవుడు రాసేది లోపలివైపు కదా. ఇకనుంచి లోపలివైపే చదవాలి" అన్నాడు. జనం ఆహా అన్నారు. అత్తకు అప్పుడు తెలిసొచ్చింది. తను ఏ ముడత పెట్టినా వాళ్లు తిప్పుకుంటారు.

ఆ వారం నాలుగో దేవుడి పూజారి తన అంగీ కోసం వచ్చాడు. ముసలాయన, పనిలేనివాడు, గుడిలో పుస్తకాలు చదివేది ఆయనొక్కడే. బల్ల పక్కన పీట మీద కూలబడ్డాడు.

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదత్తా. నా దేవుడు నాకు పేరే ఇవ్వలేదు" అన్నాడు నవ్వుతూ.

అత్త పెట్టె ఆపకుండా అడిగింది. "అయ్యగారూ, ఎడమ ముడతకీ కుడి ముడతకీ అర్థాలున్నాయి. అసలు ముడతే లేకపోతే?"

ముసలాయన నవ్వు ఆపి ఆమెవైపు చూశాడు. "అదీ రాసుంది. ముడత లేకపోతే దేవుడు బట్ట తొడుక్కోలేదని అర్థం. అంటే ఇంట్లో లేడు. ఇంట్లో లేని దేవుడి పేరుతో మొదలుపెట్టిన సేవలన్నీ రద్దు. మళ్లీ ముడత కనబడేదాకా పూజారులందరూ గుడి బయట నిలబడాలి."

"కూర్చోకూడదా?"

"నిలువుదేవుడి పూజారులం కదా మరి." ఆయన అంగీ చంకలో పెట్టుకుని లేచాడు. "ఇంతవరకూ అలా జరగలేదులే. బట్టన్నాక ఎక్కడో ఓ ముడత ఉంటుంది."

మూడో చదువుకి ముందురోజు అత్త కోడలిని పని మీద నది అవతలికి పంపేసింది. సంగతి చెబితే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. బట్టను చిక్కటి గంజిలో ముంచింది. సగం ఆరాక బల్లమీద పరిచి, జానెడు జానెడు చొప్పున లాగి పట్టి, పెట్టె మంటలా ఉండగా నడిపించింది. తడివేలితో పెట్టె అడుగు తాటించి చూసేది, చుయ్యిమనకపోతే కొత్త బొగ్గులు వేసేది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడేసరికి కాళ్లు వాచిపోయాయి. చివరికి బట్ట పలకలా తయారైంది. దాన్ని మడతపెట్టలేదు, వెదురుబొంగుకు చుట్టింది. "కొత్తరకం గంజి. మడతపెడితే విరుగుతుంది, ఇలాగే విప్పుకుంటూ కప్పండి, పొద్దున ఇలాగే చుట్టుకుంటూ తీయండి" అని చిన్న పూజారులకు అప్పగించింది. వాళ్లు బుద్ధిగా కళ్లకు గంతలు కట్టుకున్నారు.

పొద్దున వాకిట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. వసపిట్టను కడ్డీ పక్కనే నిలబెట్టారు. ఆమె మెడలో నల్లగుడ్డ అప్పుడే వేసి ఉంచారు, కట్టడమే తరువాయి. మొట్టమొదటిసారి ఆమె నోట మాట లేదు. పెదవులు వణుకుతున్నాయి. అది చూసి అత్త జనాన్ని తోసుకుంటూ కడ్డీకి దగ్గరగా వచ్చింది. తన ఎత్తు పారకపోతే ఆ పెదవులు ఇక ఏడేళ్లు అలాగే ఉంటాయి.

బట్ట కడ్డీకెక్కింది. పెద్ద పూజారి కర్ర లేచింది. లేచి, అలాగే గాల్లో ఉండిపోయింది. ఆయన దగ్గరికొచ్చి చూశాడు. వెనక్కి తిప్పించాడు. మళ్లీ ముందుకు తిప్పించాడు. కుడితిలో పడ్డ ఎలుకలా ఆయన కళ్లు అటూ ఇటూ కొట్టుకున్నాయి. జనంలో గుసగుసలు మొదలయ్యాయి.

అప్పుడాయన మహాభక్తితో వంగి, బట్ట అంచు కళ్లకద్దుకోబోతున్నట్టు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. తీసుకుని, పిడికిలి బిగించాడు. మామూలు బట్టయితే చప్పుడు కాకుండా నలిగేది. ఇది అత్త గంజి. కరకరలాడుతూ నలిగింది.

"అయ్యగారూ!" వసపిట్ట ఒక్క ఉదుటున ముందుకొచ్చింది. మెడలో గుడ్డ సంగతే మరిచిపోయింది. "అదేంటండీ అలా నలిపేస్తున్నారు! వదలండి ముందు! అది చేసేసరికి మా అత్తయ్య కాళ్లు వాచిపోయాయండీ, రాత్రి నేనే నూనె రాశాను! ఎంత నున్నగా వచ్చింది, ఒక్క ముడత ఉందేమో చూడండి! ఎంతో కష్టపడి చేసింది మీరు నలపడానికా?" అంతలో ఆమెకే ఏదో తట్టి ఆగింది. తర్వాత అడిగిన ప్రశ్న మెల్లగానే అడిగింది గానీ, వాకిలంతా వినబడింది. "అంటే, ముడతలు పెట్టేది మీరేనా అండీ?"

పెద్ద పూజారి తేలు కుట్టిన దొంగలా చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆ చేతుల గుర్తులు పదివేళ్లూ బట్ట అంచున ఉన్నాయి.

మొదట ఒకే ఒక్క నవ్వు వినబడింది. గరగరమంటూ, తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టు. అందరూ వెనక్కి తిరిగారు. బొత్తాలమ్మే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతోంది, కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. ఇరవై ఏడేళ్ల తర్వాత ఆమె గొంతునుంచి వచ్చిన మొదటి చప్పుడది. ఆ తర్వాత ఇక జనాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

నాలుగో దేవుడి పూజారి పుస్తకం చంకలో పెట్టుకుని ముందుకొచ్చాడు. రాసున్నది రాసున్నట్టు చదివాడు. చదివి, చెప్పులేసుకుని, అందరికన్నా ముందు తనే బయటికి నడిచాడు. మిగిలిన నలభై ఇద్దరినీ జనమే సాగనంపారు. ఎండలో వరసగా నిలబడ్డ ఆ అంగీలను చూస్తే, అన్నీ అత్త ఇస్త్రీ చేసినవే.

ముడత పడేదాకా లోపలికి రాకూడదు. ముడత పడాలంటే బట్ట మళ్లీ దేవుడి భుజాలెక్కాలి, ఎక్కాలంటే ముందు ఇస్త్రీకి పోవాలి. ఇస్త్రీ చేసేది అత్త. మూడోరోజున చిన్న పూజారి ఒకడు పనిగది కిటికీ దగ్గరికొచ్చి, "అత్తా, కాస్త చూసీచూడనట్టు..." అని నసిగాడు.

"చేతులు నొప్పిగా ఉన్నాయి నాయనా. తగ్గాక చూద్దాం" అంది అత్త, అతని ఎదుటే పెట్టెలోకి బొగ్గులు వేస్తూ.

వసపిట్ట పగలబడి నవ్వింది. నవ్వు ఆగకముందే మాటలు మొదలుపెట్టింది. పెద్ద పూజారి ఒంటికాలి మీద ఎలా నిలబడుతున్నాడో, ఎవరు ఎవరికి ఆనుకుంటున్నారో, తూముల దేవుడి పూజారి ఎన్నిసార్లు పక్కకు పోయొచ్చాడో, ఒక్కటీ వదలకుండా చెబుతోంది.

"నోర్ము..." అని మొదలెట్టి అత్త ఆగిపోయింది. పెట్టె పక్కన పెట్టింది. "నేనే అన్నానే ఆ మాట" అంది, తల వంచుకుని. "నీ నోరు దేవుడు మూయిస్తే బాగుండని ఆ పెద్దాయనతో నేనే అన్నాను. ఇదంతా నావల్లే."

"తెలుసత్తయ్యా" అంది కోడలు, బట్టల మీద నీళ్లు చల్లుతూ. "నేను ఆరోజు మీ వెనకే వచ్చాగా, మిగిలిన రెండు అంగీలు పట్టుకుని. గుమ్మం దగ్గర విన్నాను."

అత్త తలెత్తి చూసింది. నెలరోజులు. ఈ నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా చెప్పుకుంటారే, ఆ నోరు ఈ ఒక్క మాటను నెలరోజులు దాచుకుంది. నల్లగుడ్డ మెడలో పడ్డా బయటపెట్టలేదు.

"మరి చెప్పలేదేమే?"

"చెబితే మీరు బాధపడతారని" అంది కోడలు. అని, చల్లిన బట్ట చుట్టి అత్త ముందు పెట్టింది.

అత్త చెంగుతో కళ్లు తుడుచుకుంది. పెట్టె అందుకుని, తడివేలితో అడుగు తాటించి చూసింది, ఇంకా వేడిగానే ఉంది.

"ఇంతకీ ఆ పడవవాడి పెళ్లాం ఏమందే? అప్పుడెప్పుడో బొత్తాం చూపిస్తూ సగంలో ఆపేశావు" అంది.